గొయ్యి తవ్వి పడుకోబెట్టడం

ఇది నిన్న రాత్రి సంగతి. చెవులింకా ఎర్రగానే ఉన్నాయి.

మా పాప అయిదో క్లాసు. బడివాళ్లు ఈ వారమంతా 'పిల్లలు తొమ్మిదింటికల్లా పడుకోవాలి' అని ఊదరగొడుతున్నారు. మంచిదే. ఆ ఊదరలో భాగంగా ప్రాజెక్టొకటి పెట్టారు: 'బెడ్‌టైమ్ అనే మాటకు అర్థం, పుట్టుక, మన భాషలో దానికి దగ్గరి మాటలు. చార్టు రేపు తేవాలి.' ఈ మెసేజ్ తల్లిదండ్రుల గ్రూపులో పడింది ఎన్నింటికంటే, రాత్రి 9.50కి.

కూకట్‌పల్లిలో ఆ వేళప్పుడు బిర్యానీ ఎన్ని రకాలైనా దొరుకుతుంది, చార్టు దొరకదు. పాత క్యాలెండర్ వెనకవైపు సరిపెట్టాం.

తెలుగు భాగం చకచకా అయిపోయింది. పడు నుంచి పడక, పరచు నుంచి పరుపు. పడకటిల్లులో ఆ 'ట' ఎక్కడిదని పాప అడిగింది. టుగాగమం అన్నాను. ఆవలించింది. ఇంగ్లీషు దగ్గరే తగులుకున్నాను. బెడ్ అన్న మాట 'తవ్వడం' అనే అర్థమున్న ఓ పాత ధాతువు నుంచి వచ్చిందని పండితుల్లో ఒక వాదన. అంటే పడక మొదట్లో నేలలో తవ్వుకున్న గుంట అన్నమాట. మనకు పూలమొక్కల మడి, వాళ్లకు ఫ్లవర్ బెడ్! తవ్వితే బయటపడే శిలాజం ఉందే, ఆ ఫాసిల్ కూడా ఈ మాటకు చుట్టమేనట. నాకు ఒళ్లు పులకరించింది. మర్చిపోకముందే ఫోన్లో మైకు నొక్కి గడగడా చెప్పేశాను.

మైకు నొక్కింది నోట్సులో కాదు, ఆ గ్రూపులోనే.

వాయిస్ టైపింగ్‌కి కామా తెలియదు, ఫుల్‌స్టాప్ తెలియదు, పక్కగదిలోంచి అరిచింది భార్య అనీ తెలియదు. దానికి అన్నీ ఒకటే. అది రాసిపెట్టింది ఇదీ: 'మొదట నేలలో గొయ్యి తవ్వేవారు గడ్డి పరిచేవారు బెడ్ అంటే గొయ్యే ఏమండీ ఇక చాలు ముందు పిల్లను అందులో పడుకోబెట్టండి'.

'అందులో' ఎక్కణ్నుంచి వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాలేదు. మా ఆవిడ 'మన గదిలో' అందట. గదిలో కాస్తా గోతిలో అయి కూర్చుంది.

గ్రూపులో పైన అమ్మానాన్నలందరూ తమ పిల్లలు పడుకునే వేళలంటూ బుద్ధిగా '8.30', '8.45', 'మావాడు ఎనిమిదికే అండీ' అని అబద్ధాలు రాసుకున్నారు. వాటి కింద నాది. చూస్తుండగానే టిక్కులు నీలంగా మారాయి. ఎనిమిదికే పడుకునే వాళ్ల ఇళ్లలో 10.52కి ఇంతమంది మేలుకుని ఏం చేస్తున్నారండీ?

వణికే వేలితో డిలీట్ నొక్కాను. 'డిలీట్ ఫర్ మీ' పడింది. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి ఫోను నాలుగైదు సెకన్లు ఇస్తుంది. ఆ సెకన్లన్నీ 'హమ్మయ్య' అనుకోవడానికి వాడుకున్నాను. అంతే, నా ఫోన్లో తప్ప అందరి ఫోన్లలోనూ గొయ్యి భద్రంగా ఉంది.

11.15కి బడి నుంచి జవాబొచ్చింది: 'పేరెంట్స్ దయచేసి తొమ్మిది దాటాక మెసేజ్‌లు పెట్టవద్దు. ఇది పిల్లల బెడ్‌టైమ్.'

పిల్ల అప్పటికే సోఫాలో, బుగ్గ మీద స్కెచ్‌పెన్ గీతతో పడి నిద్రపోతోంది.

మూడో అంతస్తువాళ్ల బాబుదీ అదే క్లాసు. పొద్దున లిఫ్టు దిగగానే వాచ్‌మన్ ఎదురొచ్చాడు.

"సార్, గొయ్యి యాడ తవ్వాల్నంట?"