తాగక్కర్లేదు, తోడెయ్యండి

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర పొద్దున్నే టీ కోసం నిలబడితే ఈ మధ్య ఒక గొడవ తరచూ చెవిన పడుతోంది. 'పెద్దయ్యాక కూడా పాలు తాగే జంతువు మనిషి ఒక్కడే, అందుకే ఈ షుగర్లు, ఈ కీళ్లనొప్పులు' అంటాడు ఒకాయన. పక్కాయన ఊరుకోడు. 'మా నాయన ఎనభై ఏళ్లు పాలు తాగే బతికినాడు, నీ ఫోన్లో వచ్చిందంతా నమ్ముతావా' అంటాడు. కాసేపు వాదులాడుకుని, గ్లాసులు ఖాళీ చేసి ఎవరి దారిన వాళ్లు పోతారు. ఆ గ్లాసుల్లో ఉన్నదీ పాలేనని ఇద్దరికీ తట్టదు.

ఏ జంతువూ తాగదన్నది అసలు వాదనే కాదు. ఏ జంతువూ సంగటి కెలకదు, ఊరగాయ పెట్టదు, ఉగ్గానిలోకి బజ్జీలు వేయించుకోదు. అయినా ఆ మాట వెనక ఒక నిజం ఉంది. పాలల్లో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించడానికి చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ కావాలి. తల్లిపాలు తాగే వయసులో అది అందరికీ పుష్కలంగా ఉంటుంది, ఆ తర్వాత ప్రపంచంలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి తగ్గిపోతుంది. ఉత్తర యూరప్ వాళ్లలో, మన దేశంలో వాయవ్య రాష్ట్రాల వాళ్లలో అది తగ్గకుండా నిలిపే జన్యు మార్పు ఎక్కువగా కనిపిస్తుంది. దక్షిణానికి వచ్చేకొద్దీ అలాంటివాళ్లు తక్కువ. అంటే పెద్ద గ్లాసు పాలు తాగగానే కడుపు ఉబ్బరించి, గుడగుడమని, గంటా రెండు గంటల్లో బాత్‌రూమ్‌కు పరిగెత్తే మనిషి మన సీమలో వింత మనిషి కాదు, మామూలు మనిషే. అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి జారుతుంది, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి, గ్యాస్ పుడుతుంది, అంతే. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు మింగుతూ, రాత్రి పడుకునే ముందు మాత్రం 'ఒంటికి మంచిది' అని పాలు తాగేవాళ్లు మా ఆఫీసులోనే ఇద్దరున్నారు.

అలాగని చుక్క తగలకూడదనేం లేదు. ఒక కప్పు పాలల్లో సుమారు 12 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. లాక్టేజ్ తగ్గినవాళ్లలో కూడా చాలామంది ఆ మాత్రం ఒక్కసారిగా తట్టుకుంటారు, తిండితో కలిపి తీసుకుంటే ఇంకా తేలిక. అనుమానం ఉంటే రెండు వారాలు పాలు మానేసి, మళ్లీ మొదలుపెట్టి చూడండి, మీ కడుపే చెబుతుంది. బరువు తగ్గిపోతున్నా, మలంలో రక్తం పడుతున్నా మాత్రం ఈ సొంత వైద్యాలు కట్టిపెట్టి డాక్టరు దగ్గరికి పోవాలి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. లాక్టేజ్ అన్న పేరు మన అవ్వలకు తెలియదు, కానీ దానికి విరుగుడు ప్రతి రాత్రీ వాళ్ల చేతుల్లోనే తయారయ్యేది. పాలు బాగా కాచి, వేలు పెడితే చురుక్కుమనకుండా గోరువెచ్చగా ఆరనిచ్చి, చెంచాడు పెరుగు తోడేసి, చలికాలమైతే గిన్నెకు గుడ్డ చుట్టి పొయ్యి పక్కన పెట్టేవాళ్లు. రాత్రంతా ఆ తోడులోని సూక్ష్మజీవులు లాక్టోజ్‌లో కొంత భాగాన్ని తినేసి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి, పెరుగుకు పులుపు వచ్చేది దాంతోనే. మిగిలిన లాక్టోజ్‌ను అరిగించడానికి కూడా ఆ సూక్ష్మజీవుల దగ్గరున్న ఎంజైమ్ మన పేగులో పనిచేసి సాయపడుతుంది. అందుకే పాలు పడని మనిషికి పెరుగన్నం హాయిగా పడుతుంది.

పొద్దున ఆ పెరుగును కవ్వంతో చిలికితే వెన్న వచ్చేది. వెన్న కరిగితే నెయ్యి, నెయ్యి సంతకు. చిలికిన మజ్జిగ మాత్రం ఇంట్లోనే ఉండేది, అడిగిన ఇరుగుపొరుగుకు చెంబు నిండా పోసి పంపేవాళ్లు. మజ్జిగకు డబ్బులు తీసుకోవడం సిగ్గుమాలిన పని అనుకునే రోజులవి. పాలల్లో వెన్న పోయినా ప్రొటీన్ పోదు, కాల్షియం పోదు, ఆ రెండూ మజ్జిగలోనే ఉండిపోతాయి. అంటే ఊరి పాలల్లోంచి పట్నానికి పోయింది కొవ్వు, ఊళ్లో మిగిలింది బలం. ఈ లెక్కను ఎవరూ కూర్చుని వేయలేదు, దానంతటదే అలా కుదిరింది.

పాల క్యాను వచ్చాక ఆ లెక్క తిరగబడింది. మొన్న రాప్తాడు వైపు ఒక ఊళ్లో పాల కేంద్రం దగ్గర మా విలేకరి తెల్లవారుజామున నిలబడి చూసొచ్చారు. ఒక నడివయసు తల్లి స్టీలు క్యానులో నాలుగు లీటర్లు తెచ్చింది. కేంద్రం కుర్రాడు చిన్న గరిటెతో ఇన్ని పాలు తీసి మిషన్‌కు పెట్టాడు. వెన్న 3.9, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలల్లో ఉండే మిగతా ఘనపదార్థం) 8.2 అని చీటీ వచ్చింది. ఆమె చీటీని మడిచి కొంగున కట్టుకుని, ఖాళీ క్యాను ఊపుకుంటూ పక్కనున్న అంగట్లోకి పోయి పది రూపాయల పాల ప్యాకెట్ కొనింది. ఎందుకమ్మా అంటే, ఇంటికి చుట్టాలొచ్చినారు, టీ పెట్టాల అంది. మరి ఇంట్లో పెరుగు? 'తోడుకెక్కడ మిగుల్తాయి నాయనా, ఉన్నవన్నీ పోస్తేనే దాణాకు సరిపోవడంలే.'

రెండు ఆవులు కట్టేసుకున్న ఇంట్లో పెరుగు లేదు. పెద్దలు పాలు తాగాలా వద్దా అని పట్నంలో జరిగే చర్చకు ఈ ఇల్లు ఎక్కడా తగలదు. మా దృష్టిలో మాట్లాడాల్సింది ఈ ఇంటి గురించే.

ఎందుకంటే కాల్షియం సంగతి అంత తేలిగ్గా తీసేసేది కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఆ సంస్థ చెప్పే పళ్లెంలో రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు ఉంటుంది, ఆ 'లేదా' అన్న మాటను మాత్రం గట్టిగా పట్టుకోండి. వంద మిల్లీలీటర్ల ఆవుపాలల్లో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, వంద గ్రాముల రాగుల్లో దానికి మూడింతలు ఉంటుంది. మరి రాగి సంగటి తినే సీమవాళ్లకు దిగులెందుకు అంటారా? ఇక్కడే చిక్కు. రాగుల్లో ఫైటేట్ కూడా ఉంటుంది, అది కాల్షియంను పట్టేసుకుని ఒంటికి పూర్తిగా అందనివ్వదు. తిరుపతి స్విమ్స్ వైద్యులు మన చుట్టుపక్కల ఆరోగ్యంగా తిరుగుతున్న మనుషులనే పరీక్షించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో తేలిందీ ఇదే. తిండిలో కాల్షియం తక్కువ, ఫైటేట్ ఎక్కువ, పైగా ఇంత ఎండలో ఉంటూ కూడా విటమిన్ డి తక్కువ. మనోళ్లు సంగటిలో మజ్జిగ పోసుకున్నది, రాగిపిండిని పులియబెట్టి అంబలి కాచుకున్నది రుచి కోసమే అయినా, పులిస్తే ఫైటేట్ తగ్గుతుందన్నది నిజం.

దీనికి తోడు మన జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లున్నాయి. కాల్షియం తక్కువగా తినేవాళ్ల ఎముకలను ఫ్లోరైడ్ ఇంకా గట్టిగా దెబ్బతీస్తుంది. కడుపులో కాల్షియం ఉంటే అది ఫ్లోరైడ్‌ను కొంతవరకైనా పట్టి బయటికి పంపుతుంది. అలాంటి ఊళ్లోంచే పాల వ్యాను రోజుకు రెండుసార్లు నిండుగా బయల్దేరుతుంది. నలభై ఏళ్లకే నడుము వంగని మనిషి ఆ వ్యానులోకి క్యాన్లు ఎత్తుతుంటాడు.

విదేశీ పరిశోధనలు చూపించి భయపెట్టేవాళ్లకు, మురిపించేవాళ్లకు ఒక్క మాట. రోజుకు మూడు గ్లాసులు, అంతకు మించి పాలు తాగే ఆడవాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయని స్వీడన్ అధ్యయనం 2014లో చెప్పింది, పెరుగులాంటివి తీసుకునేవాళ్లలో మాత్రం అలా కనిపించలేదు. మన దేశంతో కలిపి 21 దేశాల్లో లక్షా ముప్పై వేల మందికి పైగా మనుషుల మీద చేసిన మరో పెద్ద అధ్యయనం 2018లో దానికి ఎదురు చెప్పింది, పాల పదార్థాలు తీసుకునేవాళ్లలోనే మరణాలు తక్కువని. రెండూ పరిశీలనలే, ఇది తిన్నందుకే అది జరిగిందని రెండూ తేల్చలేవు. రోజూ మూడు గ్లాసుల పాలు తాగే వాళ్లు మన జిల్లాలో ఎందరున్నారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి ఆ భయాన్ని స్వీడన్‌కే వదిలేద్దాం.

ఇక ఏ2 పాలు. గాజు సీసా, దాని మీద గంగడోలు ఆవు బొమ్మ, మామూలు పాలకు రెండింతల ధర. ఏ1, ఏ2 అనేవి పాలల్లోని బీటా కేసిన్ అనే ప్రొటీన్‌లో రెండు రకాలు. ఏ1తో జబ్బులొస్తాయన్న వాదనను యూరప్ ఆహార భద్రతా సంస్థ 2009లో పరిశీలించి, కారణమని చెప్పే ఆధారం లేదంది. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 ఆగస్టులో ఈ ఏ1, ఏ2 ముద్రలు తీసేయమని ఉత్తర్వు ఇచ్చి, వారం తిరక్కుండానే దాన్ని వెనక్కి తీసుకుంది (ఎవరు తిప్పారో మీ ఊహకే వదిలేస్తున్నాం). ఎనుము పాలు కూడా ఏ2 రకమేనని ఆ సీసా మీద ఎవరూ రాయరు. లాక్టోజ్ పడనివాళ్లకు ఏ దేశీ ఆవు పాలయినా లాక్టోజే.

పాల కల్తీ గురించి మాత్రం మా పాఠకులు యూరియా, డిటర్జెంట్ అంటూ రోజూ ఫోన్లు చేస్తారు. తప్పులేదు, కానీ చూడాల్సిన చోటు ఇంకొకటుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో దేశమంతా తీయించిన 6,432 నమూనాల్లో ఇలాంటి కల్తీ దొరికింది 12 నమూనాల్లో. అఫ్లాటాక్సిన్ ఎం1 అనే బూజు విషం పరిమితి దాటి కనిపించింది 368 నమూనాల్లో. ఆ విషం పాలల్లో ఎవరూ కలిపేది కాదు, పశువు తిన్న మేతలోంచి వస్తుంది. బూజు పట్టిన శనక్కాయ చెక్క, తడిసిన మొక్కజొన్న, పత్తిగింజల చెక్క తిన్న ఆవు ఆ విషాన్ని కొద్ది రోజుల్లోనే పాలల్లోకి దించుతుంది. కాచినా అది పోదు. వేరుశనగ పంటే బతుకైన అనంతపురంలో ఈ మాట వినపడాల్సినంత వినపడదు. కాయ ఊరే దశలో వాన మొహం చాటేస్తే ఈ బూజు ఎక్కువ పడుతుందని మన రైతుకు వేరే చెప్పాలా? అమ్ముడుపోని, ముక్కిన, నల్లబడిన కాయ గానుగకు పోతుంది, చెక్క గాడిపాడుకు వస్తుంది. అందుకే పాల కేంద్రాల్లో వెన్న శాతంతో పాటు అప్పుడప్పుడైనా ఈ బూజు విషం పరీక్ష కూడా జరగాలి, పట్టీలతో నిమిషాల్లో తేల్చే పరీక్షలు ఎప్పుడో వచ్చాయి. చెక్కను ఎలా ఆరబెట్టాలి, ఎలా దాచాలి, దేన్ని పారేయాలి అన్నది ఊరూరా చెప్పడానికి ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల మనకు దూరమేమీ కాదు.

ఇంతకీ తాగాలా వద్దా? పడినవాళ్లు తాగండి, పడనివాళ్లు సిగ్గుపడకుండా మానేయండి, ఎవరైనా కాచకుండా తాగొద్దు. పచ్చిపాలతో బ్రూసెల్లోసిస్ లాంటి జబ్బులొస్తాయి. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరు మాట ప్రకారం పోవాలి. రోజుకు నాలుగు టీలు తాగి 'పాలు పడుతున్నాయి కదా' అనుకునేవాళ్లు అందులో పడే చక్కెర కూడా లెక్కేసుకోవాలి. ఒక గరిటె పెరుగులో చెంబుడు నీళ్లు పోసి అదే మజ్జిగ అని కాల్షియం లెక్కలో రాసుకునేవాళ్లకూ ఇదే మాట, అది దప్పిక తీర్చే మజ్జిగ, ఎముకలకు ఆనే మజ్జిగ కాదు. పెద్దవాళ్లకు గ్లాసులో పాలు తప్పనిసరి కాదని మా అభిప్రాయం. ఇంట్లో ఒక గిన్నెడు గట్టి పెరుగు మాత్రం తప్పనిసరి, ముందుగా గర్భిణికి, బాలింతకు, ముసలివాళ్లకు. అంగన్‌వాడీ ఇచ్చే పాల ప్యాకెట్ ఇంటిల్లిపాదికీ టీ అయిపోతున్న ఇళ్లలో ఈ వరస ఇంకా ముఖ్యం.

కానీ రాప్తాడు వైపు తల్లికి ఈ సలహా ఇస్తే ఆమె లెక్క ఆమె చెబుతుంది. రోజుకు అరలీటరు తోడుకు ఆపితే నెలకు పదిహేను లీటర్లు, ఆ డబ్బు దాణా బాకీలోకి పోవాల్సింది. ఆ లెక్కను మేం కాదనలేం. కాబట్టి ఆమెను కాకుండా డెయిరీలను అడుగుతున్నాం. పాలు పోసిన ఇంటికి రోజుకు అరలీటరు వెన్న తీసిన పాలు, మరిగించి చల్లార్చి, కేంద్రం దగ్గరే నామమాత్రపు ధరకు తిరిగి ఇవ్వండి. మీరు పొడి చేసి అమ్ముకునే పాలే అవి, కొంత నష్టం ఉంటుందని మాకూ తెలుసు. వ్యాను ఎలాగూ ఊళ్లోకి ఖాళీ క్యాన్లతోనే వస్తోంది.