కట్టె, తెచ్చె

మా బావమరిది ఒక తీర్పు ఇచ్చాడు. 'ద ప్రామిస్డ్ నెవర్‌ల్యాండ్' అనే యానిమే, అంటే జపాన్ కార్టూన్ సీరియల్, రెండు సీజన్లూ శని ఆదివారాల్లో ఊదేసి, సోమవారం పొద్దున్నే ఫోన్ చేశాడు. "మొదటి సీజన్ అదిరింది బావా. తర్వాత ఆ రాసినాయన దగ్గర సరుకు అయిపోయినట్టుంది."

రాసినాయన దగ్గర! ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

సరే, ఆవేశపడకుండా లెక్క చూద్దాం. కైయు షిరాయి రాసి, పోసుకా దెమిజు బొమ్మలు వేసిన మాంగా, అంటే ఈ యానిమేకి మూలమైన బొమ్మల కథ, 2016 నుంచి 2020 దాకా 'వీక్లీ షోనెన్ జంప్' పత్రికలో నడిచింది. మొత్తం 181 చాప్టర్లు. 2019లో వచ్చిన మొదటి సీజన్ అందులో 37 చాప్టర్లని 12 ఎపిసోడ్లలో చెప్పింది, చక్కగా చెప్పింది. మాంగాలో పేజీల కొద్దీ సాగే పిల్లల ఆలోచనల్ని తీసేసి, ఆ భయాన్ని వరండాల్లో మెల్లగా నడిచే కెమెరాకి అప్పగించారు. అనాథాశ్రమం నుంచి దత్తతకి వెళ్తున్నాననుకున్న పిల్ల రాక్షసుల విస్తట్లోకి వెళ్తోందని కథానాయిక ఎమ్మాకి తెలిసే చోట నేను లేచి లైటు వేసుకున్నాను. కథ ముందే తెలిసినవాణ్ణి, అయినా వేసుకున్నాను.

ఇక మిగిలినవి 144. 2021లో రెండో సీజన్‌కి వచ్చినవి 11 ఎపిసోడ్లు. పిరికివాళ్లయితే ఇంకో రెండు సీజన్లు కావాలని అడిగేవాళ్లు. వీళ్లు అడగలేదు. పైగా నడిమధ్యలో ఒక వారం కథ ఆపి, ఇంతవరకూ ఏం జరిగిందో గుర్తుచేసే ప్రత్యేక ఎపిసోడ్ వేశారు. ముహూర్తం దాటిపోతుంటే పంతులుగారు తాళి పక్కన పెట్టి, నిశ్చితార్థం మంత్రాలు మళ్లీ ఎత్తుకున్నట్టు.

రామాయణాన్ని మనవాళ్లు 'కట్టె, కొట్టె, తెచ్చె' అని మూడు ముక్కల్లో తేల్చారంటారు. అదీ దుబారానే. వీళ్లు కట్టె, తెచ్చె అన్నారు.

కొట్టె ఏమైందంటారా? చివరి ఎపిసోడ్‌లో ఉంది. వెతికితే దొరుకుతుంది. పిల్లలు రాక్షసుల లోకం నుంచి గేటు దాటి మనుషుల లోకంలోకి వెళ్తారు. ఎమ్మా మాత్రం ఇక్కడ కొంచెం పనుంది, చూసుకుని వస్తానని కొందరితో ఆగిపోతుంది. అక్కడి నుంచి మ్యూజిక్, ఫొటోలు. కదలని బొమ్మలు ఒకదాని వెనక ఒకటి. మాట లేదు, పలుకు లేదు.

మీరు ఇది చూసే ఉంటారు, మన ఫంక్షన్ హాల్లో. స్టేజీ పక్కన ఎల్‌ఈడీ తెర. పెళ్లికొడుకు మొలతాడుతో బోర్లా పడుకుని. అన్నప్రాసనలో కత్తి పట్టుకుని. స్కూల్లో నెహ్రూ వేషంలో. ఇంజనీరింగ్ ఫేర్‌వెల్‌లో అద్దెకి తెచ్చిన కోటులో. తర్వాత ఒక్కసారిగా అమెరికాలో, మోకాల్లోతు మంచులో. మధ్యలో నాలుగు బ్యాక్‌లాగ్‌లు ఎలా గట్టెక్కాయి, వీసా ఎన్నిసార్లు తిరిగొచ్చింది, ఆ మంచులో ఎవరు గుర్తొచ్చి ఏడ్చాడు, అవేవీ తెర మీదికి రావు. వెనక సన్నాయి. కింద జనం బిర్యానీ లైన్లో. పెళ్లికొడుకు మేనత్త ఒక్కతే తెరని చూస్తూ కళ్లు తుడుచుకుంటుంది. అవన్నీ ఆవిడకి ముందే తెలుసు కాబట్టి.

ఈ యానిమే ముగింపూ అంతే. మాంగా చదివిన మేనత్తలం మేము ఏడ్చాం. ఆవిడ ఏడ్చిన కారణానికి మాత్రం కాదు. సీజన్ మొదట్లో స్క్రిప్టు పనిలో కనిపించిన షిరాయి పేరు కూడా చివరికొచ్చేసరికి టైటిల్స్‌లో కనిపించలేదు. భోజనాలకి ముందే లేచి వెళ్లిపోయిన పెద్దమనిషిలా.

యూగో గురించి మా బావమరిదికి తెలీదు. ఎలా తెలుస్తుంది? మాంగాలో ఆశ్రమం నుంచి పారిపోయిన పిల్లలు అడవి దాటి ఒక బంకర్‌కి చేరతారు. అక్కడ 13 ఏళ్లుగా ఒంటరిగా బతుకుతున్న మనిషి ఉంటాడు. తనతో పారిపోయి వచ్చినవాళ్లందరినీ గోల్డీ పాండ్ అనే వేటస్థలంలో పోగొట్టుకున్నానని కుమిలిపోతూ, పిల్లలంటే మండిపడుతూ. ఆ మనిషి మళ్లీ మనిషి కావడమే ఆ కథకి గుండెకాయ. చనిపోయాడనుకున్న నేస్తం లూకస్ ఆ గోల్డీ పాండ్‌లోనే ఎదురుపడినప్పుడు ఆ మొహం వేయడానికి దెమిజు ఎంత కష్టపడి ఉంటారో! చివరికి అదే బంకర్లో, పిల్లల్ని పంపించి, ఆ ఇద్దరూ ప్రాణాలిస్తారు. యానిమేలో పిల్లలు బంకర్ తలుపు తీస్తారు. లోపల ఎవరూ లేరు. మనిషిని తీసేశారండీ! అంత మనిషిని, సామాను సర్దినట్టు సర్దేశారు. గోల్డీ పాండ్ మొత్తం పోయింది. తన వాళ్లందరి జ్ఞాపకాల్నీ మూల్యంగా ఇచ్చి, వాళ్లు కళ్లముందు నిలబడ్డా గుర్తుపట్టలేని ఎమ్మా పోయింది. టైమ్ లేకపోతే చెయ్యకండి. ఎవరు బతిమాలారు? సగం వండి, ఇదే వంట అని వడ్డిస్తే, తిన్నవాడు తిట్టేది ఆ వంటకం కనిపెట్టినవాణ్ణే.

ఇదంతా బావమరిదికి గంటసేపు చెప్పాను. పుస్తకాలు నేనే ఇస్తానన్నాను. యూగో వచ్చే చోట కాగితం ముక్క పెట్టి మరీ ఇస్తానన్నాను. అంతా ఓపిగ్గా విన్నాడు.

"అది కాదు బావా, జపాన్‌లో దీన్ని మనుషులతో సినిమా కూడా తీశారట కదా" అన్నాడు. "రెండు గంటల్లో అయిపోతుందంట."