చెప్పుల దండ ఎవరి మెడలో?

నెల్లూరు జిల్లా కలిగిరి పక్క ఒక ఊళ్ళో కిరాణా కొట్టు వెనకాల బెల్టు షాపు నడుస్తోంది. నడిపేది ఒక ఆడమనిషి. ఆమె బియ్యం డ్రమ్ములోంచి క్వార్టరు సీసాలు తీస్తుంటే కుర్రాళ్ళు వీడియో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. రేపు చెప్పుల దండ కూడా వేస్తామంటున్నారు. వాళ్ళకి ముందుండే కుర్రాడికి, ఒకప్పుడు పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పిన అక్షరదీపం రాత్రిబడిలో వాలంటీరుగా చదువు చెప్పిన వాళ్ళ మేనత్తకి మధ్య వాదన ఇది. నా మనసు అత్త వైపే ఉంది, ముందే చెప్తున్నా. అట్లాగని అల్లుడు తేలిగ్గా ఓడిపోయే రకం కాదు.

అత్త: ముందు ఆ వీడియో తీసెయ్యరా.

అల్లుడు: ఎందుకు తీసెయ్యాలి? తప్పు చేసింది ఆమె, దాక్కోవాల్సింది నేనా? అయినా అత్తా, దూబగుంటలో మీరు సారాని దండం పెట్టి ఆపారా? చీపుళ్ళు, కారప్పొడి పట్టుకుని పోయారు. తాగొచ్చినోళ్ళకి సగం గుండు గీశారు. మీరు చేస్తే ఉద్యమం, మేం చేస్తే దౌర్జన్యమా?

(గట్టి దెబ్బే. అత్త చాటలో కందిపప్పు ఏరడం ఆపింది.)

అత్త: చేశాం. కాదనను. కానీ గుండు గీసినోళ్ళెవరు? ఆ మనిషి పెళ్ళాం, వదిన, పక్కింటి అక్క. రాత్రికి అన్నం పెట్టిందీ వాళ్ళే. గుండు గీసినా గడప మూసెయ్యలేదు. అసలు అది కారప్పొడితో మొదలు కాలేదురా. రాత్రిబడిలో మొదలైంది. తాగుడు ఇంటిని ఎట్టా తినేస్తుందో చెప్పే పాఠం ఉండేది పుస్తకంలో. అది చదివి ఒకామె ఏడిస్తే, ఇంకొకామె తన మొగుడి కూలి డబ్బులు ఎటు పోతున్నాయో లెక్క చెప్పింది. అప్పుడు తెలిసింది, తాగేవాడిని కొడితే లాభం లేదు, సారా దుకాణాల వేలంపాటలు ఆపాలని. దూబగుంట రోశమ్మ లాంటోళ్ళు ముందు నడిచారు. 1992లో నెల్లూరులో వేలంపాటలు పెట్టినప్పుడల్లా ఆడవాళ్ళు పోయి అడ్డం కూర్చుంటే వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు ఒకటిన రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ డబ్బు ఇంట్లో మిగిలితే రోజుకో రూపాయి చొప్పున పొదుపులక్ష్మి సంఘాల్లో దాచుకున్నారు.

అల్లుడు: ఏం లాభం? 1995లో మద్యనిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. సారా ప్యాకెట్టు పోయి క్వార్టరొచ్చింది.

అత్త: అది పైవాళ్ళ పని. మమ్మల్ని అడిగి ఎత్తేశారా? పొట్టి శ్రీరాములు 1946లో మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానివ్వమని పస్తున్నాడు. ఎవర్నన్నా పల్లెత్తు మాటన్నాడా?

అల్లుడు: పస్తుండటం మాత్రం బలవంతం కాదా? నువ్వు ఒప్పుకోకపోతే చస్తాననడమేగా!

అత్త: చచ్చేది తనే గదా. ఎదుటోడిని చంపుతానన్లేదు.

అల్లుడు: అయితే నన్నూ రేపట్నించి షాపు ముందు పస్తుండమంటావా?

అత్త: నువ్వా? పొద్దున దోసెలు రెండు నిమిషాలు ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తావు.

(ఇక్కడ కాసేపు దోసెల గురించే పోట్లాడుకున్నారు. అది మనకొద్దు.)

అల్లుడు: ఒక్క మాటకి జవాబు చెప్పు. 1985లో కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపేస్తే, మిగిలినవాళ్ళు ప్రాణాలరచేత పెట్టుకుని చీరాల పోయారు. వాళ్ళ దగ్గరికి పోయి దయ గురించి చెప్పగలవా? దయ చూపమని ఎప్పుడూ దెబ్బ తిన్నోళ్ళకే చెప్తారు. కొట్టినోడికి ఎవరూ చెప్పరు.

అత్త: చెప్పలేను. చెప్పను కూడా. వాళ్ళ కోపం వాళ్ళది, దానికి నేను తూకం వెయ్యను. నువ్వు మాత్రం ఆ కోపాన్ని అరువు తెచ్చి, డ్రమ్ము ముందు కూర్చున్న ఆడదాని మీద ఖర్చు పెడుతున్నావు. ఆమె చేసింది మంచిదనటం లేదు, షాపు మూయాల్సిందే. కానీ ఆ వీడియోలో వెనకాల బడి యూనిఫాంలో ఒక పిల్ల నిలబడి ఉంది, చూశావా? రేపు ఆ పిల్ల బడికెట్టా పోతుంది? షాపు మూసినాక ఆమె ఈ ఊళ్ళోనే బతకాలి. తలెత్తుకునే దారి లేనప్పుడు ఎవరన్నా ఎందుకు మానతారు? ఇంకా మొండికేస్తారు.

అల్లుడు: సరే, వీడియో తీసేస్తా. ఎక్సైజు వాళ్ళకి అర్జీ మాత్రం రాస్తా.

అత్త: రాయి. ఆమె పేరుతో మొదలుపెట్టొద్దు. వైన్ షాపు నుంచి పెట్టెలు తెచ్చి దించే ఆటో నంబరు ముందు రాయి.

అల్లుడు: ఆ ఆటో ఎవరిదో తెలిసే అంటున్నావా? అది నీ తమ్ముడిది.

అత్త: తెలుసు.

అల్లుడు: రాస్తే చిన్నాయన మన గడప తొక్కడు.

అత్త: తొక్కకపోతే నేనే పోతాలే, అన్నం క్యారియరు తీసుకుని. నువ్వు నంబరు రాయి.