వృద్ధాశ్రమంలో ఎవరూ అడగని సంగతి: రాత్రిపూట నొప్పి వస్తే?

అనంతపురం నుంచి బెంగళూరు నాలుగు గంటల దారి. ఇక్కడి పిల్లలు ఉద్యోగాలకని అటు పోతే, రాజంపేట, రాయచోటి వైపు పిల్లలు కువైట్ పోయారు. ఇళ్లలో మిగిలిన పెద్దవాళ్ల కోసం మన ఊళ్ల శివార్లలోనూ వృద్ధాశ్రమాలు, నెలనెలా డబ్బు కట్టే సీనియర్ హోములు వెలుస్తున్నాయి. చేర్చడానికి వచ్చినవాళ్లు అడిగేవి నేను విన్నాను. సంగటి పెడతారా, వేడినీళ్లు వస్తాయా, బాత్రూంలో పట్టుకోను కడ్డీ ఉందా, నెలకెంత? అన్నీ అడగాల్సినవే. "మా నాయనకు అర్ధరాత్రి నొప్పి ఎక్కువైతే ఎవరు ఏం చేస్తారు?" అని అడిగినవాళ్లను మాత్రం ఇంతవరకు చూడలేదు.

నాకు మామ వరసయ్యే పెద్దాయన ఒకరు అట్లాంటి హోంలో ఉండేవారు. ప్రోస్టేట్ క్యాన్సర్ నడుము ఎముకలకు పాకింది. ఆసుపత్రిలో "ఇంక చేసేదేం లేదు, తీసకపోండి" అన్నారు. నేను చూడబోయిన రోజు మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, గోడవైపు తిరిగి పడుకున్నారు. "ఎట్లుంది మామా?" అంటే, "వయసైనాక నొప్పులు కాకుండా ఇంకేముంటాయప్పా" అన్నారు. అక్కడి ఆయా కూడా అదే మాట. మరీ ఓర్చుకోలేకపోతే డైక్లోఫెనాక్ అనే నొప్పి సూది ఒకటి వేసేవారు. ముసలి ఒంటికి రోజూ ఆ సూది పడితే కిడ్నీలు ఏమవుతాయో అక్కడ ఎవరికీ పట్టలేదు.

చేసేదేం లేదన్న మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చేసేది చాలా ఉంది. ఎముకలకు పాకిన క్యాన్సర్ నొప్పికి ఒకే ఒక్కసారి ఇచ్చే రేడియేషన్ చాలామందికి ఉపశమనం ఇస్తుంది. నల్లమందు నుంచి తీసే గట్టి నొప్పి మందు, నోటితో వేసుకునే మార్ఫిన్ ఉంది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నాలుగు గంటలకోసారి ఇస్తూ, నొప్పిని బట్టి పెంచుతారు. దానివల్ల మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే జతచేస్తారు. వికారం, మగత కొన్నాళ్లకు తగ్గుతాయి. కిడ్నీలు బలహీనపడి ఉంటే మోతాదు తగ్గిస్తారు, లేదంటే మందే మారుస్తారు. ఈ లెక్కలన్నీ తెలిసి చేసే వైద్యమే పాలియేటివ్ కేర్. ఒంటి నొప్పితో పాటు ఆయాసం, నిద్ర పట్టకపోవడం, పిల్లలకు భారమయ్యానన్న కుమిలిపాటు కూడా అందులోకే వస్తాయి. 1967లో లండన్‌లో చివరి రోజుల్లో ఉన్న రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ వీటన్నిటినీ కలిపి 'టోటల్ పెయిన్' అన్నారు.

పాలియేటివ్ కేర్ మొదలుపెడితే మనిషిని చావుకు అప్పగించినట్టేనని మనవాళ్ల భయం. అమెరికాలోని బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. మామూలు చికిత్సతో పాటు మొదటినుంచీ పాలియేటివ్ కేర్ అందినవాళ్లు సుఖంగా ఉండటమే కాక, మిగతావారికంటే రెండు నెలలకు పైగా ఎక్కువ బతికారు. క్యాన్సర్‌కే కాదు, గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు, పక్షవాతం, మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ఉన్నవాళ్లకూ ఇది అవసరమే.

మతిమరుపు ముదిరినవాళ్ల గురించి హోములు నడిపేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. వాళ్లు "నొప్పి" అని చెప్పలేరు. అన్నం నెట్టేస్తారు, స్నానం చేయించబోతే కొడతారు, రాత్రంతా మూలుగుతారు. మొండి మనిషి అని పేరు పెట్టి నిద్రమాత్ర వేస్తారు. అట్లాంటివారి కోసమే పెయినాడ్ అనే కొలత ఉంది. ఊపిరి తీరు, మూలుగు, ముఖకవళిక, ఒళ్లు బిగబట్టడం, ఓదార్చినా ఊరుకోకపోవడం, ఈ అయిదింటికీ 0 నుంచి 2 దాకా మార్కులు వేస్తారు, మార్కులు పెరిగితే నొప్పి ఎక్కువని. కాస్త శిక్షణ ఇస్తే ఆయాలూ నేర్చుకోగలరు. కొన్నిసార్లు ఆ మొండితనం వెనక ఉన్నది నడుము కింద ఎవరూ చూడని మంచం పుండే అయ్యుంటుంది.

మందు విషయంలో మన దేశం కథ బాధ కలిగిస్తుంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సుతో నల్లమందు పండించి విదేశాలకు పంపుతాం. 1985 నాటి మత్తుమందుల చట్టం భయానికి మన రోగులకే మార్ఫిన్ దొరకలేదు. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు దారి సులువు చేశారు. భయం మాత్రం పోలేదు. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో, అంటే ఊళ్లలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో అందాల్సిన 12 రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణ, పాలియేటివ్ కేర్ ఒకటి. కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల నుంచి ఒక నర్సు వారానికోసారి ఈ హోములకు వచ్చిపోయే ఏర్పాటు ఉండాలని నేను గట్టిగా అడుగుతున్నాను. భవనాలేవీ కట్టక్కర్లేదు. ఒక బండి, ఒక మందుల పెట్టె, రాత్రి కూడా పలికే ఒక ఫోన్ నంబరు చాలు.

మామ విషయానికొస్తే, ఊళ్లో తన ఇంటి అరుగు మీద పోవాలని ఉందని నాతో అన్నారు. కువైట్‌లో ఉన్న కొడుకుతో అనలేదు. కొడుకూ అడగలేదు. ఊపిరి అందని రాత్రి హోం వాళ్లు భయపడి 108ని పిలిచారు. మూడు రోజులు వెంటిలేటర్ మీద ఉండి పోయారు. కొడుకును తప్పుపట్టలేను, ఫోన్‌లో "ఏం చేయమంటారు?" అని అడిగితే ఏ బిడ్డయినా అన్నీ చేయమనే అంటాడు.

కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ లాంటివి వద్దని మనమే ముందుగా రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరించుకుంటే సరిపోతుంది. కాగితం కంటే ముందు మాట జరగాలి. సంక్రాంతికి పిల్లలొచ్చినప్పుడు, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే, "నాయనా, నీకు బాగా కష్టమైతే ఆసుపత్రికి పోదామా, ఇంటికి తీసుకురమ్మంటావా?" అని అడగండి. ఆయన చెప్పింది హోం మేనేజరుకూ చెప్పండి.