తొమ్మిది వోల్టుల అల్లుడుగారికి ఒక విన్నపం

మహారాజరాజశ్రీ 6ఎఫ్22 నామధేయులైన తొమ్మిది వోల్టుల బ్యాటరీ గారి సముఖానికి,

విజయవాడ గవర్నరుపేటలో ఒక మేడమీద గదిలో, సీలింగ్ ఫ్యాను వేస్తే సాల్డరింగ్ ఐరన్ చల్లారిపోతుందని, వేయకపోతే తానే ఉడికిపోతానని తెలిసి కూడా గిటారు పెడల్స్, అంటే గిటారు మోతను మార్చే, కాలితో నొక్కే డబ్బాలు, కట్టుకునే ఒక సామాన్యుడు వ్రాసుకొను విన్నపం. ఉభయకుశలోపరి.

ఇంతవరకు నేను పదకొండు పెడల్స్ కట్టాను. ప్రతిసారీ ముందుగా కాగితం మీద బొమ్మ గీసి, మోతను హెచ్చించి తగ్గించే పాట్‌లకు పైవరుస, ఫుట్‌స్విచ్‌కు కిందిభాగం, కేబుళ్లు గుచ్చే జాక్‌లకు చెరో పక్కగోడ, సర్క్యూట్ బోర్డుకు నట్టిల్లు అని అందరికీ చోటు కేటాయించాను. వారందరూ సర్దుకుపోయే స్వభావం గలవారు. తమరు మాత్రం మూత బిగించే వేళకు, సంక్రాంతికి దిగిన కొత్త అల్లుడిలా, సంచీ చేతబట్టుకుని గుమ్మంలో నిలబడి నా గది ఏదని చూస్తారు. తమరి పొడవు 48 మిల్లీమీటర్లు, వెడల్పు 26, మందం 17, అన్నీ పైచిలుకే. మేము వాడే 1590బీ అల్యూమినియం డబ్బా వెలుపలి కొలత సుమారు 112 మి.మీ. పొడవు, 60 వెడల్పు, 31 ఎత్తు. లెక్క ప్రకారం తమరికి చోటు ఉండవలసినదే. కానీ పాట్‌ల వీపులు, ఫుట్‌స్విచ్ తొమ్మిది కాళ్లు, రెండు వైపుల నుంచి లోపలికి చొచ్చుకువచ్చే జాక్‌లు పోగా మిగిలేది అల్లుడికి కాదు, అల్లుడి చెప్పులకు సరిపోయే జాగా.

ఆ జాగాలోకే తమరిని ఒత్తి మూత పెడతాను. తమరు తొడుక్కున్నది రేకు చొక్కా కాబట్టి, బోర్డు వెనుక సాల్డరు ముక్కులకు అది తగిలితే పెడల్ మూగబోతుంది. అందుకని పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి కత్తిరించి తమరికి లుంగీలా చుడతాను. లుంగీ కట్టాక తమరి మందం మరో మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, మూత మళ్లీ లేస్తుంది. ఆటోనగర్‌లో ఈ డబ్బాకు రంధ్రాలు వేసిన మేస్త్రీ "ఇది ఏ బండి పార్టు సార్?" అని అడిగినప్పుడు నాకు జవాబు తోచలేదు. తమరిని లోపల పెట్టి నాలుగు స్క్రూలు బిగించిన రోజున, ఇది బండి పార్టు అయి ఉంటేనే సుఖంగా ఉండేది కదా అనిపించింది.

తమరి మర్యాదకు మేము చేసే ఏర్పాట్లు కూడా తక్కువేమీ కావు. గిటారు కేబులుకు మోనో జాక్ చాలు, అయినా తమరి కోసం ఇన్‌పుట్ వైపు ఒక కాలు ఎక్కువున్న స్టీరియో జాక్ పెట్టి, తమరి నల్లతీగను రింగ్ అనే ఆ అదనపు కాలికి అతికిస్తాం. మోనో ప్లగ్గు లోపలికి వెళ్లినప్పుడు దాని గ్రౌండ్ భాగం జాక్‌లోని రింగ్‌ను, గ్రౌండ్ కాలైన స్లీవ్‌ను కలిపేస్తుంది కాబట్టి అప్పుడే తమరు పనిలోకి దిగుతారు, ప్లగ్గు తీయగానే పడకేస్తారు. ఎడాప్టర్ వచ్చినప్పుడు తమరికి దానితో తగవు రాకుండా, తమరి ఎర్రతీగను విడదీసే మూడుకాళ్ల డీసీ జాక్ వేరే. అది వేయకపోతే ఎడాప్టర్ కరెంటు ఛార్జింగుకు పనికిరాని తమరి ఒంట్లోకి ఎక్కి, తమరు కారిపోయి, నా బోర్డు మీద పచ్చటి పొక్కులు లేపుతారు. అత్తవారింట ఇంతటి రాజభోగం అనుభవిస్తున్న అల్లుడు జిల్లాలో మరొకరు ఉంటారని నేననుకోను.

అయినా తమరు గుంటూరులో నా పరువు తీశారు. అది డిసెంబరు నెల, బ్రాడీపేటలో క్రిస్మస్ పాటల సాయంత్రం. ఆదివారం రిహార్సల్ అయ్యాక పెడల్‌ను బైపాస్‌లో, అంటే గిటారు మోత మారకుండా నేరుగా పోయేలా, పెట్టాను, ఎల్ఈడీ ఆరింది, నిశ్చింతగా మూలకు నెట్టాను. ప్లగ్గు మాత్రం తీయలేదు. బైపాస్‌లో ఉన్నా లోపలి ఐసీ తన నాలుగు మిల్లీ ఆంపియర్లు తాను తాగుతూనే ఉంటుందని నాకు తెలియక కాదు. శనివారం దాకా ఆరు రోజులంటే 144 గంటలు, నాలుగుతో గుణిస్తే 576 మిల్లీ ఆంపియర్ అవర్లు. మంచి ఆల్కలైన్ అయినా సుమారు 500 దగ్గర చేతులెత్తేస్తుంది, నేను పెట్టినదేమో అంతకన్నా చవకరకం. రెండో పాట చరణంలో గిటారు మొదట బొంగురుపోయింది, తర్వాత గరగరలాడింది, ఆ తర్వాత లేదు.

మూత తీయడానికి స్క్రూడ్రైవర్ లేదు. కేకు కోసే చాకు మొనతో స్క్రూలు తిప్పుతుంటే పాటలవాళ్లు మూడో చరణం గిటారు లేకుండానే కానిచ్చారు. కీబోర్డు వాయించే మావాడు తమరిని నా చేతిలోంచి లాక్కుని, రెండు మొనలకూ నాలుక ఆనించి, "బావా, దీనికన్నా నీ కేకుచాకే కాస్త పుల్లగా ఉందిరా" అన్నాడు. ఆ చాకుకు అంటిన సాల్డరు పేస్టు సంగతి నేను పెద్దలకు చెప్పలేదు.

నేరం తమరిది కాదని, ప్లగ్గు తీయని చెయ్యి నాదేనని తమరు వాదించవచ్చు. ఒప్పుకుంటాను. కానీ అల్లుడు అలిగితే తప్పు ఎప్పుడూ మామగారిదే కావడం నాకు కొత్తగా ఉంది.

ఇంత చెప్పినా తమరిని ఇంట్లోంచి పూర్తిగా వెళ్లగొట్టలేను. నా దగ్గర ఒక ఫజ్, అంటే గిటారు మోతను గరుకుగా మార్చే పెడల్, ఉంది. 1966లో లండన్‌లో ఆర్బిటర్ వారు తెచ్చిన ఫజ్ ఫేస్ సర్క్యూట్‌నే అనుసరించి, పీఎన్‌పీ జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో కట్టుకున్నాను. అందులో ప్లస్సే గ్రౌండ్. మిగతా పెడల్స్‌లో మైనస్ గ్రౌండ్. ఒకే ఎడాప్టర్ నుంచి అందరికీ తీగలు లాగితే, గిటారు కేబుళ్ల గ్రౌండ్ గుండా ప్లస్, మైనస్ కలిసి షార్ట్ అయి కూర్చుంటుంది. అక్కడ తమరే దిక్కు. పైగా చవక ఎడాప్టర్ వెనక నుంచి పాడే సన్నటి కూత తమరి దగ్గర లేదు. ఫజ్ తాగేది ఒక మిల్లీ ఆంపియరుకు అటూ ఇటూ, కాబట్టి తమరు నెలల తరబడి ఉంటారు. సగం అరిగి, లోపలి నిరోధం పెరిగి, వోల్టేజీ కాస్త కుంగిన దశలో తమరిచ్చే మెత్తటి మోతను కొత్త బ్యాటరీ కూడా ఇవ్వదు. అల్లుడు ముసలివాడయ్యాక పనికివచ్చిన ఇల్లు ఇదొక్కటే.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఫజ్ డబ్బాలో తమరి గది తమరిదే, సైకిల్ ట్యూబు లుంగీ సహా. తక్కిన పెడల్స్‌లో ఇకపై తమరికి బస లేదు. కరెంటు పోయిన రాత్రులు తప్పనిసరైతే, తమరి తలకు బిగించే స్నాప్ తీగలకు 2.1 మి.మీ. ఎడాప్టర్ ప్లగ్గు ఒకటి తగిలించి, ఎర్రతీగ బయటి గొట్టానికి, నల్లతీగ నడిమి మొనకు వచ్చేలా అతికించి, డబ్బా వెలుపల ఎడాప్టర్ స్థానంలో కూర్చోబెడతాను. వీధి అరుగు మీద గాలి బాగా వస్తుంది.

పన్నెండో పెడల్‌కు డబ్బా ఆటోనగర్‌లో ఇచ్చి వచ్చాను. ఈసారిది 1590ఏ, వెడల్పు 38 మి.మీ. మాత్రమే. మేస్త్రీ రంధ్రాలు వేస్తూ, "చిన్నది తెచ్చారేంటి సార్, ఇందులో ఏం పడుతుంది?" అన్నాడు. ఏం పట్టకూడదో అది పట్టదని చెప్పాను.

ఇట్లు,
తమ అరుగు యజమాని