‘ఊళ్లో నెలకు పదిహేను వేలు చాలు’: ఈ లెక్క ఎక్కడెక్కడ తప్పింది

వాట్సాప్‌లో బాగా తిరుగుతున్న ఆ సందేశం చెప్పేదిది. హైదరాబాద్‌లో నలుగురున్న ఇంటికి నెలకు 70 వేలు కావాలి. అదే పల్లెకు వెళ్తే 15 వేలు చాలు. అద్దె ఉండదు, కరెంటూ నీళ్లూ ఉచితం, పాలు బర్రె ఇస్తుంది, కూరగాయలు పెరట్లో కాస్తాయి, ఉద్యోగం ఇంటి నుంచే చేసుకోవచ్చు, మిగిలిన డబ్బుతో భూమి కొనొచ్చు. ఇందులో అద్దె తగ్గుతుందన్న మాట ఒక్కటే గట్టిది. దానికీ ఓ మెలిక ఉంది.

ఊళ్లో తాళం వేసిన ఇళ్లు చాలా కనిపిస్తాయి గానీ అద్దెకిచ్చేవి తక్కువ. తాళంచెవి చుట్టాల దగ్గర ఉంటుంది, యజమాని ఎక్కడో ఉంటాడు, పైకప్పు కారుతుంటుంది, మరుగుదొడ్డి పెరటి మూలన ఉంటుంది. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు మండల కేంద్రంలో ఉండి వచ్చిపోయేది అందుకే. ఇక మెలిక: జీతంలో హెచ్చార్‌ఏ (ఇంటి అద్దె భత్యం) ఉండి, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అద్దె తగ్గితే మినహాయింపు కూడా తగ్గుతుంది. నెలకు బేసిక్ (మూల వేతనం) 50 వేలు, అద్దె 22 వేలు అయితే, అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు తీసేసి నెలకు 17 వేల వరకు మినహాయింపు వస్తుంది. అద్దె 5 వేలకు దిగితే అది సున్నా. ఏడాదికి 2,04,000 పన్ను లెక్కలోకి వచ్చి చేరుతుంది. 20 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి సుమారు 42 వేలు. కొత్త విధానంలో ఉన్నవాళ్లకు ఈ గొడవ లేదు.

‘కరెంటు ఉచితం’. ఉచితం వ్యవసాయ మోటార్లకు. ఇంటి మీటరుకు ఊరైనా పట్నమైనా శ్లాబులు అవే. గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు వచ్చే మినహాయింపు తెల్ల రేషన్ కార్డును బట్టి వస్తుంది, ఊరిని బట్టి కాదు. మోటారు సర్వీసు నుంచి ఇంటికి వైరు లాగితే కరెంటు చౌర్యం కేసు అవుతుంది. గ్యాసు బండ, ఫోను రీచార్జి, కారు ఈఎంఐ, బీమా ప్రీమియం, ఇవేవీ ఊరు మారినంత మాత్రాన తగ్గవు.

కరెంటు విషయంలో అసలు చూడాల్సింది బిల్లు కాదు, ఓల్టేజీ. ఇళ్లూ పొలం మోటార్లూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న చోట, మోటార్లు నడిచే వేళ 230 ఉండాల్సింది 180కి, ఇంకా కిందికి కూడా జారుతుంది. అప్పుడు ఫ్రిజ్ కంప్రెసర్ స్టార్టు కాలేక గుర్రుమంటూ వేడెక్కుతుంది. ఇన్వర్టరు లైను మీద నడుస్తున్నట్టే కనిపిస్తుంది గానీ బ్యాటరీ నిండదు, రాత్రి కరెంటు పోయినప్పుడు గంటలోనే చేతులెత్తేస్తుంది. ఇల్లు ఖాయం చేసుకునే ముందు మల్టీమీటరు పట్టుకెళ్లి, నాట్ల కాలంలో, మోటార్లు ఆడుతున్నప్పుడు ప్లగ్గులో కొలవండి. మిట్టమధ్యాహ్నం ఖాళీ లైను మీద 225 చూసి సంబరపడితే లాభం లేదు. ఎర్తింగ్ గుంట ఉందో లేదో కూడా అప్పుడే చూడాలి. పాత ఇళ్లలో చాలా వాటికి ఉండదు.

‘ఇంటి నుంచే ఉద్యోగం’. ఫైబరు వచ్చిన ఊళ్లు చాలానే ఉన్నాయి. తెగినప్పుడు ఎవరు అతుకుతారన్నదే చిక్కు. రోడ్డు పక్క జేసీబీ తవ్విందంటే తీగ తెగినట్టే, అతికేవాడు మండలం నుంచి రావాలి. కాబట్టి రెండు దారులు ఉండాలి: ఫైబరు ఒకటి, వేరే కంపెనీ 4జీ లేదా 5జీ సిమ్ము ఇంకొకటి. సిగ్నలు మేడ మీద కాదు, పనిచేసే గదిలో, తలుపు మూసి, రాత్రి 7 నుంచి 10 మధ్య చూడాలి. డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడ్ వేగం ముఖ్యం. కరెంటు పోయినప్పుడు ఆదుకునే ఇన్వర్టరు సంగతీ లెక్కేయాలి: 12 ఓల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్ అవర్లు, చేతికొచ్చేది 1,200 అనుకోండి. ఫ్యాను 75 వాట్లు, ల్యాప్‌టాప్ 60, రౌటరు, బల్బు కలిపి 20: ఏడు గంటలకు పైగా రావాలి. బ్యాటరీ పాతబడ్డాక అందులో సగమే వస్తుంది.

నీళ్ల సంగతి. మిషన్ భగీరథ నల్లా ఉన్నా వేళకే వస్తుంది కాబట్టి సంపు ఉండాల్సిందే. బోరు మీద ఆధారపడితే ముందు నీళ్లు పరీక్ష చేయించాలి, ఉమ్మడి నల్లగొండ లాంటి చోట్లయితే మరీను. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మోటారు పది నిమిషాలు నడిపాక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో లీటరు పట్టండి, ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసా వద్దు. బోరు పస తెలిసేది ఏప్రిల్, మే నెలల్లోనే. వానాకాలంలో చూసి ‘నీళ్లకు కొదవలేదు’ అనడం అమ్మేవాళ్ల మాట.

‘పాలు బర్రె ఇస్తుంది’. ఇస్తుంది, రోజుకు రెండు పూటలా పని చేయించుకుని. ఎనిమిది లీటర్లిచ్చే ముర్రా జాతి బర్రెకు రోజుకు దాణా ఆరు కిలోలు (ఒంటికి రెండు, రెండు లీటర్ల పాలకు ఒకటి చొప్పున నాలుగు), పచ్చిమేత 25 నుంచి 30 కిలోలు, ఎండుగడ్డి ఐదారు కిలోలు కావాలి. పాలిచ్చేది పది నెలలు, ఈతకూ ఈతకూ మధ్య పద్నాలుగు పదిహేను నెలలు పడుతుంది. మధ్యలో ఒట్టిపోయిన నాలుగైదు నెలలూ మేపాల్సిందే. ఎండాకాలం బర్రె మూగ ఎదకు వస్తుంది, అరవదు. ఆ రోజు కనిపెట్టలేకపోతే మళ్లీ మూడు వారాలు ఆగాలి. ఇలా రెండు మూడు తప్పాయంటే ఆ ఏటి లెక్క తలకిందులే. ఇంటికి రెండు లీటర్లు కావాలంటే పక్కింట్లో పోయించుకోవడమే చవక.

పెరటి కూరగాయలకు ఒక్కటే మాట: కోతులు. తెలంగాణ పల్లెల్లో టమాట, బీర, జామ ఏది వేసినా మన కన్నా ముందు వాటికే తెలుస్తుంది. పైన కూడా వల లేని పెరడు వాటికి పెట్టిన వడ్డనే. ఆకుకూరలు, పచ్చిమిర్చి కొంత నయం.

సందేశంలో అసలు లేని ఖర్చు దూరం. వారానికి మూడుసార్లు డయాలిసిస్ కావాల్సిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండి, ఆసుపత్రి 60 కిలోమీటర్ల అవతల ఉంటే, నెలకు పన్నెండు సార్లు పోయిరావడానికి 1,440 కిలోమీటర్లు. లీటరుకు 15 వచ్చే కారులో 96 లీటర్లు, లీటరు 107 అనుకున్నా 10 వేలు దాటుతుంది. ఒక్క పెట్రోలే. పక్షవాతం వస్తే, మూతి వంకరపోవడం, చెయ్యి లేవకపోవడం లాంటి లక్షణాలు మొదలైనప్పటి నుంచి (మనం గుర్తించినప్పటి నుంచి కాదు) మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న గడువు నాలుగున్నర గంటలు. స్కానింగు ఉన్న ఆసుపత్రికి రాత్రి పూట ఎంతసేపు పడుతుందో ఓసారి బండేసుకుని వెళ్లి చూడాలి.

పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉండి, వెళ్లే ఊరు ఆంధ్రప్రదేశ్‌లో అయితే మరీ జాగ్రత్త. తెలంగాణ కన్వీనర్ కోటా మెడికల్ సీట్లకు స్థానికత కోసం ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివుండాలి. తొమ్మిదో తరగతిలో సరిహద్దు దాటించారంటే ఆ వరస తెగుతుంది.

చివరి మాట భూమి గురించి. ‘20 లక్షలకు ఎకరం’ అన్నదానికి రిజిస్ట్రేషన్ ఖర్చే ఏడున్నర శాతం, అంటే లక్షన్నర. అది లావుణి పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి) అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం కింద కొనుగోలే చెల్లదు. తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామా చూపించి ‘తర్వాత పట్టా అయిపోతుంది’ అంటే అక్కడే లేచి రండి. ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో పేరు, ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం), రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితా, 1954-55 నాటి పాత భూమి రికార్డు ఖాస్రా పహాణీ నుంచి చేతులు మారిన వరస చూశాక, ఊరి నక్షలో పొలం దాకా బాట ఉందో లేదో చూడాలి. ఇప్పుడు కళ్ల ముందు బండ్లు పోతున్న దారి నక్షలో లేకపోతే, పక్క రైతు కడీలు పాతిన రోజున మీ ఎకరానికి దారి ఉండదు. గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) ఇంటికైతే ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదు. లింకు డాక్యుమెంట్లు (గతంలో చేతులు మారిన పత్రాలు) లేకపోతే బ్యాంకు లోను ఇవ్వదు. ఇవన్నీ తేలేదాకా మండల కేంద్రంలో అద్దెకు దిగి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అక్కడ గడపండి. హైదరాబాద్ ఫ్లాటు అమ్మే సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.