లాసిక్ వద్దన్న డాక్టర్ని తిట్టకండి

నేను లాసిక్, అంటే లేజర్‌తో సైటు తగ్గించే కంటి ఆపరేషన్, చేయించుకుని చాలా ఏళ్లయింది. చక్కగా జరిగింది. పొద్దున్న లేవగానే కళ్లజోడు కోసం దిండు చుట్టూ తడుముకోనక్కర్లేదు, మా విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో వచ్చే బస్సు బోర్డు దూరం నుంచే చదివేస్తాను. కాబట్టి ఈ పోస్టు చూసి ఎవరూ భయపడొద్దు. కానీ ఈమధ్య మా ఇంట్లో జరిగింది చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా పిన్ని కూతురికి సైటు మైనస్ ఆరున్నర. డిగ్రీ అయిపోయింది, సంబంధాలు చూస్తున్నారు. ఒక కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే సగం రోజు టెస్టులు చేసి, చివరికి డాక్టరమ్మ గారు "ఈ అమ్మాయికి లేజర్ వద్దండీ" అన్నారు. కార్నియా, అంటే కంటి ముందు పొర, పల్చగా ఉంది, పైగా కింది భాగంలో వంపు అనుమానంగా ఉంది అని దాని ఆకారం చూపే మ్యాప్ చూపించి మరీ చెప్పారు. ఇంటికొచ్చాక ఆవిణ్ని ఆడిపోసుకోనివాళ్లు లేరు. "టెస్టులకి డబ్బులు గుంజి చివర్లో కాదంటారా" అని బాబాయ్. "ఆవిడకి చేతకాదేమో, ఊళ్లో ఇంకెవరూ లేరా" అని పిన్ని. వారం తిరక్కుండానే ఇంకో సెంటర్‌కి తీసుకెళ్లారు. అక్కడ కంటిపాప పెద్దదవడానికి వేసే చుక్కలు కూడా వెయ్యలేదు. పాత రిపోర్టు కవరు తెరవలేదు. డాక్టర్ కంటే ముందు కౌన్సెలర్ కూర్చోబెట్టి, నెలాఖరులోపు అడ్వాన్స్ కడితే ఇంత తగ్గిస్తాం, శనివారం చేయించుకుంటే సోమవారం పన్లోకి వెళ్లిపోవచ్చు అని డేట్ ఇచ్చేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకో చెప్పాలంటే అసలు లేజర్ ఏం చేస్తుందో చెప్పాలి.

నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొరే కార్నియా. మధ్యలో దాని మందం చాలామందిలో 500 నుంచి 550 మైక్రాన్లు, అంటే సుమారు అర మిల్లీమీటరు. మైనస్ సైటు ఉన్నవాళ్లకి లేజర్ ఆ పొరను మధ్యలో కాస్త చెక్కి వంపు తగ్గిస్తుంది. సైటు కొలత డయాప్టర్లలో, మైనస్ నాలుగంటే నాలుగు డయాప్టర్లు; ఒక్కో డయాప్టర్‌కి 12 నుంచి 15 మైక్రాన్ల దాకా పోతుంది. పోయింది మళ్లీ పెరగదు. లాసిక్‌లో అయితే అంతకంటే ముందు పైన 100, 110 మైక్రాన్ల మందంలో ఫ్లాప్, అంటే మూతలాంటి పల్చటి పొర, కోసి పక్కకి తిప్పుతారు, లోపల చెక్కాక దాన్ని మళ్లీ యథాస్థానంలో పరుస్తారు. అది అతుక్కుంటుంది గానీ మునుపటి బలం పూర్తిగా తిరిగి రాదు.

ఇప్పుడు లెక్క చూడండి. కార్నియా 545 మైక్రాన్లు, సైటు మైనస్ నాలుగు ఉన్న మనిషికి ఫ్లాప్‌కి 110, చెక్కడానికి ఒక 56 తీసేసినా కింద 379 మిగులుతుంది. మందం వరకైతే చింత లేదు. మా చెల్లికి ఉన్నదే 485. అందులో ఫ్లాప్‌కి 110, ఆరున్నర సైటుకి సుమారు 91 పోతే మిగిలేది 284. "కనీసం 250 ఉంటే చాలు కదండీ" అని ఆ రెండో సెంటర్ వాళ్ల వాదన. 250 అనేది పాత కనీస హద్దు, 300 ఉంచితేనే మంచిదని చాలామంది సర్జన్లు అంటారు. ఇంకో లెక్క కూడా ఉంది. ఫ్లాప్, చెక్కేది కలిపి అసలు మందంలో 40 శాతానికి చేరితే ప్రమాదం పెరుగుతుందని. మా చెల్లి విషయంలో అది 41 శాతం దాటుతోంది.

పైగా ఆకారంలోనే అనుమానం ఉన్నప్పుడు ఈ లెక్కలేవీ అక్కరకి రావు. కెరటోకోనస్ అనే జబ్బులో కార్నియా బలహీనపడి మెల్లగా ముందుకి పొడుచుకొస్తుంది. అది మొదలవుతున్న కంటికి లాసిక్ చేస్తే జబ్బుని చేజేతులా తొందరపెట్టినట్టే. ఆ తర్వాత కళ్లజోడుతో చూపు కుదరదు, గట్టి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవాలి, మరీ ముదిరితే కార్నియా మార్పిడి దాకా వెళ్లాలి. కళ్లజోడు తీసేయడానికి వెళ్లిన ఇరవై రెండేళ్ల పిల్లకి ఇది జరగాలా? ఆ డాక్టరమ్మ గారు సరేనంటే ఆవిడకి ఒక సర్జరీ ఫీజు వచ్చేది. వద్దన్నారు. ఆ వద్దనడానికే మనం ఫీజు కట్టాం అనుకోవాలి.

నేనూ బాబాయ్ తగువు పడి, ఆఖరికి కార్నియా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాం. ఆయనా అదే మాట. ఆయన అడిగిన మొదటి ప్రశ్న "కళ్లు నులుముకునే అలవాటుందా అమ్మా?" అని. ఉంది. చిన్నప్పటి నుంచీ ఉంది. ఎలర్జీ దురదకి పిడికిలితో గట్టిగా నులుముకుంటుంది, మేమంతా చూస్తూనే పెరిగాం. అది మానమన్నారు, ఎలర్జీకి చుక్కల మందు రాశారు, ఆరు నెలలకి మళ్లీ మ్యాప్ తీస్తారు. మారుతూ ఉంటే సీత్రీఆర్ అనే చికిత్స ఉందట, విటమిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి పట్టి కార్నియాని గట్టిపరుస్తారు. అది సైటు తీసేసే పని కాదు, జబ్బు ముదరకుండా ఆపేది.

కాబట్టి లాసిక్‌లో అసలు ఘట్టం ఆపరేషన్ రోజు కాదు, టెస్టుల రోజు. దానికి తీరుబడిగా వెళ్లండి. సాఫ్ట్ కాంటాక్ట్ లెన్సులు ఒకటి రెండు వారాల ముందే తీసేయాలి, గట్టి లెన్సులైతే ఇంకా ఎక్కువ రోజులు, లేకపోతే కార్నియా ఆకారం తప్పుగా కొలుస్తారు. కింది రెప్పలో చిన్న కాగితం ముక్క వేలాడదీసి ఐదు నిమిషాల్లో ఎంత మేర తడిసిందో చూస్తారు. అది కన్నీళ్ల టెస్టు, కంప్యూటర్ ముందు బతికేవాళ్లంతా పట్టుబట్టి చేయించుకోవాల్సింది. చుక్కలు వేసి కంటి వెనక పొర రెటీనా చూస్తారు. ఆ పూట బండి నడపొద్దు, ఎవర్నైనా తోడు తీసుకెళ్లండి. వయసు 18 దాటి ఉండాలి, ఏడాదిగా సైటు మారకుండా ఉండాలి. గర్భిణులూ పాలిచ్చే తల్లులూ ఆగాలి. ఈ విషయాలేవీ అడక్కుండా మెషిన్ పేరు, దాని గొప్పా చెప్పే చోటు నుంచి లేచి వచ్చేయండి.

మెషిన్ గొప్పల గురించి ఒక్కమాట. స్మైల్ అని ఇంకో పద్ధతి ఉంది, ఫ్లాప్ లేకుండా లోపలే చిన్న బిళ్ల కోసి రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల గాటులోంచి తీసేస్తారు. పీఆర్‌కేలో ఫ్లాప్ ఉండదు, పైచర్మం తొలగించి చెక్కుతారు. మూడు నాలుగు రోజులు బాగా నొప్పి, చూపు తేటపడడానికి వారాలు పడుతుంది. కానీ కార్నియా కాస్త పల్చగా ఉండి ఆకారం బాగున్నవాళ్లకి, ఆటల్లో కంటికి దెబ్బలు తగిలే అవకాశం ఉన్నవాళ్లకి అదే మేలు. సైటు మరీ ఎక్కువైతే కంటి లోపల లెన్స్ పెట్టే ఐసీఎల్ ఉంది. ఖరీదైనదే మంచిదన్న రూలేం లేదు, మీ కంటికి ఏది నప్పుతుందో అదే.

ఇక ఆపరేషన్. నొప్పి ఉంటుందా అని అందరూ అడుగుతారు. మత్తు చుక్కలు వేస్తారు, సూది ఉండదు. రెప్పలు మూతపడకుండా క్లిప్ పెడతారు, అది చికాకు. ఫ్లాప్ కోసేటప్పుడు కన్ను గట్టిగా ఒత్తినట్టుంటుంది, కాసేపు చూపు మసకబారి చీకటవుతుంది. ఈ సంగతి నాకు ముందే చెప్పారు కాబట్టి బెదరలేదు. చెప్పకపోతే ఎవరికైనా గుండె ఆగినంత పనవుతుంది. తర్వాత మిణుకుమనే లైటు వైపే చూడమంటారు. టకటకమని శబ్దం, వెంట్రుక కాలిన వాసన. కన్ను కాలుతోందని టెన్షన్ పడకండి. ఆ లేజర్ 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి, కణజాలంలో అణువుల బంధాలు తెంచుతుంది తప్ప చుట్టుపక్కల కాల్చదు. ఈ సంగతి 1981లో అమెరికాలో ఐబీఎం ల్యాబ్‌లో కనిపెట్టిన ముగ్గురిలో ఒకాయన రంగస్వామి శ్రీనివాసన్, మద్రాసు యూనివర్సిటీలో చదువుకున్నాయన. పండక్కి వండగా మిగిలిన టర్కీ కోడి ముక్క మీద లేజర్ వేసి చూశారట. నాకైతే ఇది చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

ఆ సాయంత్రం మంట, ధారగా నీళ్లు. కళ్లు మూసుకుని పడుకోవడమే మందు. మర్నాడు పొద్దున్న చూపు అద్భుతంగా ఉంటుంది, ప్రకటనల్లో చూపించేది ఆ ఒక్క పొద్దునే. దాని తర్వాత నెలల సంగతి ఎవరూ చెప్పరు. ఫ్లాప్ కోసినప్పుడు కార్నియాలోని సన్నటి నరాలు తెగుతాయి. కన్ను ఆరిపోయిందని చెప్పి కన్నీళ్లు రప్పించేవి అవే. అవి మళ్లీ పెరగడానికి నెలలు పడుతుంది, చాలామందికి మూడు నుంచి ఆరు నెలల దాకా కళ్లు పొడిబారతాయి. మనది సముద్రపు ఊరు, గాలిలో తేమకి లోటు లేదు అనుకుంటాం. కానీ రుషికొండ ఐటీ కొండ మీద ఆఫీసుల్లో రోజంతా ఏసీ కింద, రెప్ప వాల్చకుండా స్క్రీన్ చూసేవాళ్లకి ఆ తేమ ఏం ఉపయోగం? కన్నీటి చుక్కల సీసా బ్యాగులోనే ఉంచుకోవాలి. కొద్దిమందికి ఈ పొడితనం, నొప్పి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అరుదే, కానీ సంతకం పెట్టే ముందు తెలియాలి.

రాత్రిళ్లు ఇంకో కథ. మద్దిలపాలెం నుంచి హనుమంతవాక వైపు హైవే మీద ఎదురొచ్చే లారీల హెడ్‌లైట్ల చుట్టూ వలయాలు, వీధి దీపాలకి ముళ్లు మొలిచినట్టు గీతలు. నాకు నెలలు గడిచేకొద్దీ తగ్గాయి. పూర్తిగా పోనివాళ్లూ ఉన్నారు, చీకట్లో కంటిపాప బాగా విప్పారేవాళ్లు దీని గురించి ప్రత్యేకంగా అడగండి. క్యాబ్ నడిపేవాళ్లు, రాత్రి షిఫ్టులకి స్టీల్ ప్లాంట్ వైపు బండి మీద వెళ్లేవాళ్లు మొదటి వారాల్లో ఎలాగో ముందే ఏర్పాటు చేసుకోవాలి. డాక్టర్ సరేననే దాకా బీచ్‌లో మునగడం వద్దు, కాటుక వద్దు, కళ్లు నులమడం అసలే వద్దు.

నలభై దాటాక చత్వారం అందరితో పాటు వస్తుంది. లాసిక్ దాన్ని ఆపదు. మైనస్ రెండున్న వాళ్లు ఆ వయసులో కళ్లజోడు తీసి పేపర్ చదువుకుంటారు, లాసిక్ అయినవాళ్లు చదవడానికి కళ్లజోడు పెట్టుకోవాలి. నలభైకి దగ్గరపడి అడిగేవాళ్లకి నేనిదే ముందు చెప్తాను. ఇంకోటి, ఎక్కువ మైనస్ ఉన్నవాళ్ల కన్ను పొడవుగా ఉంటుంది, రెటీనా సాగి ఉంటుంది. లేజర్ ముందు భాగాన్నే మారుస్తుంది, వెనకున్న ముప్పు అలాగే ఉంటుంది. సైటు పోయిందని ఏడాదికోసారి రెటీనా చూపించుకోవడం మానేయకండి. ఉన్నట్టుండి మెరుపులు, నల్ల చుక్కలు కనిపిస్తే ఆ రోజే పరుగెత్తండి.

ఉద్యోగాలకి ప్రిపేరయ్యే పిల్లలు ముందు నోటిఫికేషన్ చదవండి. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకి లాసిక్ చేయించుకున్నవాళ్లు పనికిరారు, అందులోనే రాసి ఉంటుంది. నేవీ, ఎయిర్‌ఫోర్సుల్లో పోస్టుని బట్టి వేరే వేరే షరతులు. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే ఎంతమందికి ఈ ముక్క తెలుసు? ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకోకండి, 7.5 డయాప్టర్ల లోపు సైటు సరిచేయడానికయ్యే ఖర్చు పాలసీల మినహాయింపుల్లో ఉంటుంది.

పెళ్లి సంగతి రాయకుండా ఉండలేను. మా చెల్లికి కళ్లజోడు ఎన్నడూ బరువనిపించలేదు. బరువు చేసింది చుట్టాలు. "ఏటమ్మా, ఇంకా ఆ సోడాబుడ్డి అద్దాలేనా?" అని శుభకార్యంలో నలుగురి ముందు అడిగేవాళ్లు. అబ్బాయికి మైనస్ ఐదుంటే బాగా చదువుకున్నాడంటారు, అమ్మాయికి ఉంటే ఆపరేషన్ చేయించమంటారు. సంబంధం కోసం ఆరోగ్యమైన కార్నియా కోయించుకోవడమే నాకు ఇష్టం లేదు, ఇక అనుమానం ఉన్న కార్నియా సంగతి చెప్పాలా? పిన్నికి అదే చెప్పాను. పిన్ని ఇంకా అలిగే ఉంది. ఉండనివ్వండి.

చేయించుకోబోయేవాళ్లకి ఒక్క పని అప్పజెప్తున్నాను. సర్జరీకి ముందు తీసిన రిపోర్టులు, ముఖ్యంగా కార్నియా వంపు కొలతలు, అప్పటి సైటు, ఎంత చెక్కారో, అన్నీ అడిగి తీసుకోండి. అరవై ఏళ్లకి శుక్లం ఆపరేషన్‌లో లోపల పెట్టే లెన్స్ పవర్ లెక్కకట్టడం లాసిక్ అయిన కంట్లో కష్టం, ఆ పాత కొలతలుంటే డాక్టర్‌కి ఆధారం. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ సెంటర్ ఉంటుందో లేదో. ఇంటి పట్టా, సర్టిఫికెట్లు ఉన్న ఫైల్లోనే పెట్టుకోండి. వద్దని చెప్పి పంపించినా సరే, ఆ మ్యాప్ కాపీ అడిగి తెచ్చుకోండి. ఆరు నెలల తర్వాత తీసే మ్యాప్‌ని పక్కన పెట్టి పోల్చాల్సింది దాంతోనే.